హ్యాండిల్ ఊడదీయకుండా కారుకు వినైల్ ర్యాప్: నా అనుభవం

మా కారుకు వినైల్ ర్యాప్, అంటే పెయింటు మీద అతికించే పలచని ప్లాస్టిక్ ఫిల్మ్, వేసే పని నిన్నటితో ముగిసింది. బంపర్లు, డోర్ హ్యాండిళ్లు, పక్క అద్దాలు, లైట్లు, నంబరు ప్లేట్లు, వీటిలో దేనినీ ఊడదీయలేదు. భాగాలు విప్పకుండా వేస్తే ర్యాప్ నిలవదని, అంచులు లేచిపోతాయని మా ఊరు బరంపురంలోనూ (ఒడిశా) విశాఖపట్నంలోనూ నేను అడిగిన ప్రతి దుకాణంలోనూ చెప్పారు. ఒక్క చోట నిజంగానే లేచింది. అది ఎందుకు లేచిందో తెలుసుకోవడానికి పట్టిన కాలం మిగతా కారంతటికీ పట్టలేదు. ఆ బాధ, ఆ తరువాత కలిగిన ఊరట చల్లారకముందే అంతా రాసి పెడుతున్నాను.

విప్పనివ్వనని నేను పట్టుపట్టడానికి గట్టి కారణమే ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున మా వీధిలో చెట్టు కొమ్మ విరిగి కారు వెనుక ఎడమ తలుపు మీద పడింది. సొట్ట తీయడానికి షెడ్డులో ఆ తలుపు లోపలి ప్యానెల్ విప్పారు. ఆ ప్యానెల్ వెనుక నల్లని జిగురుతో అతికించిన ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది. కిటికీ గాజు పక్కనుంచి తలుపులోకి దిగిన వాననీటిని కారు లోపలికి రానీయకుండా కిందికి పంపేది అదే. దానిని వారు తిరిగి సరిగా అతికించనందువల్ల మరుసటి వానాకాలమంతా వెనుక కార్పెట్టు తడిసి ముక్కవాసన వేసింది. విరిగిన క్లిప్పుల బదులు కొత్తవి పెట్టలేదు కాబట్టి గతుకుల రోడ్డు మీద ఆ తలుపు ఇప్పటికీ గలగలమంటుంది. హ్యాండిల్ తీయాలంటే మళ్లీ ఆ ప్యానెల్‌ను విప్పవలసిందే. ఇక హై సెక్యూరిటీ నంబరు ప్లేటును బిగించే లాక్ ఒకసారి ఊడదీస్తే మళ్లీ పనికిరాకుండా తయారు చేసినది. ర్యాప్ కోసం దానిని విరగ్గొట్టి, మళ్లీ కొత్త లాక్ కోసం తిరగడం నాకు ఏ విధంగానూ సబబుగా కనిపించలేదు.

రంగు విషయంలో నేను చేసిన ఎంపికను మాత్రం అందరికీ గట్టిగా సిఫారసు చేస్తాను. కారు తెల్లది, దాని మీద తెలుపే, అయితే మెరుపు తక్కువగా ఉండే శాటిన్ తెలుపు, వేశాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది, రంగు కూడా ఆర్‌సీలో నమోదై ఉంటుంది. రంగు మారనప్పుడు ఆ చర్చే రాదు. అంతకన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. భాగాలు విప్పకుండా వేసినప్పుడు లైటు పక్కన, హ్యాండిల్ మొదట్లో, ప్లేటు వెనుక వెంట్రుకవాసి పాత రంగు కనిపించే అవకాశం ఉంటుంది. పాత రంగూ కొత్త రంగూ ఒకటే అయితే ఆ సందులు ఎవరి కంటా పడవు. తెల్ల కారును నల్లగా చేసుకోవాలనుకునేవారు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

ఫిల్మ్ కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: కాస్ట్ ఫిల్మా, క్యాలెండర్డ్ ఫిల్మా? ద్రవరూపంలో ఉన్న పీవీసీని పలచగా పరిచి ఓవెన్‌లో ఆరబెట్టి చేసేది కాస్ట్ ఫిల్మ్. వంపుల మీద కూర్చున్నాక అది కూర్చున్నట్టే ఉంటుంది. రోలర్ల మధ్య నొక్కి సాగదీసి చేసేది క్యాలెండర్డ్. ఆ సాగుడు తాలూకు బిగువు దానిలో మిగిలిపోయి, ఎండ తగిలేకొద్దీ వెనక్కి ముడుచుకుంటుంది. చదునైన బోర్డులకు అది చాలు, కారు బంపరుకు చాలదు. మా ఊళ్లో ఒక దుకాణదారు పేరూ సిరీసూ లేని చుట్టను చూపించి "ఇంపోర్టెడ్" అన్న ఒక్క మాటతో అంటగట్టబోయాడు. త్రీఎం 2080 అయినా, ఏవరీ డెన్నిసన్ సుప్రీమ్ ర్యాపింగ్ ఫిల్మ్ అయినా పేరు చెప్పి అడగండి, వెనుక కాగితం మీది ముద్ర చూసి మరీ తీసుకోండి. చుట్ట వెడల్పు 1.52 మీటర్లు ఉంటుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు 15 నుంచి 18 మీటర్ల పొడవు సరిపోతుంది. నేను విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాను.

పుష్యమాసపు ఉదయాలను ఎంచుకోవడం వల్ల సగం పని తేలికైంది. ఎండాకాలంలో రేకు వేడెక్కితే జిగురు తాకీ తాకగానే పట్టేసి ఫిల్మ్‌ను సర్దుకోనివ్వదు. గోపాల్‌పూర్ సముద్రం మాకు సుమారు 16 కిలోమీటర్లే కాబట్టి ఉప్పు గాలి రేకు మీద కంటికి కనిపించని పొరగా పేరుకుంటుంది. షాంపూతో కడిగి, ఆరిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకుండా ఒక్క ముక్క కూడా అతికించలేదు. పైకప్పు, బానెట్ మా బావమరిది సాయంతో పేచీ లేకుండా అయిపోయాయి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కిందికి సన్నని నైలాన్ తాడు దూర్చి, రబ్బరు అంచును పైకి లేపి, ఫిల్మ్ దాని కిందికి వెళ్లిన తరువాత తాడు లాగేశాము. అద్దం ఊడదీయవలసిన పనే లేదు. లైట్ల చుట్టూ కట్టర్ వాడకుండా నైఫ్‌లెస్ టేపు వాడాను. దానిలో ఉండే దారాన్ని లాగితే పైనున్న ఫిల్మ్ కింది నుంచి తెగుతుంది, పెయింటు మీద గీత పడదు. డిక్కీ మీది అక్షరాలను మాత్రం హీట్ గన్‌తో వేడిచేసి గాలపు దారంతో కోసి తీశాను. అవి జిగురుతో అతికించిన అలంకారాలే కాబట్టి వాటిని కారు భాగాల లెక్కలో వేయను.

ఇక హ్యాండిళ్లు. హ్యాండిల్ వెనుక వేళ్లు పెట్టడానికి గిన్నెలాంటి గుంట ఉంటుంది. తలుపంతటికీ వేసే పెద్ద ఫిల్మ్‌నే ఆ గుంటలోకి నొక్కితే అది మితిమీరి సాగుతుంది, సాగినది వెనక్కి రావాలని చూస్తుంది. అందువల్ల మొదట గుంటకు మాత్రమే విడిగా ఒక చిన్న ముక్క వేసి, దాని అంచు మీదికి పెద్ద ఫిల్మ్‌ను నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కించి కోయాలి. హ్యాండిల్ మొదట్లో ఉండే రబ్బరు గాస్కెట్ కిందికి ఆ అంచును సన్నని ప్లాస్టిక్ పలుకుతో దోపాలి. మూడు తలుపుల మీద ఇది చక్కగా కూర్చుంది. నాలుగోది, అంటే తుపానులో దెబ్బతిన్న ఆ వెనుక ఎడమ తలుపు, రాత్రి నున్నగా ఉండి తెల్లవారేసరికి నూనెలో పడిన అప్పడంలా పొంగింది. మళ్లీ వేశాను, మళ్లీ పొంగింది. వేడి పెంచి చూశాను, తగ్గించి చూశాను, కొత్త ముక్క కోశాను. ప్రతి ఉదయం అదే చోట, గుంట పై అంచున, హ్యాండిల్ నీడలో లేచి కనిపించేది. అదే ఫిల్మ్, అదే చేయి, అదే పద్ధతి పక్క తలుపు మీద నిలిచి దీని మీద నిలవకపోవడం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

జిగురు గట్టిగా పట్టడానికి అంచుకు రాసే ప్రైమర్ కొందామని ఊళ్లోని ఒక కార్ డెకార్ దుకాణానికి వెళ్లాను. యజమాని కారు దగ్గరికి వచ్చి, వంగి చూసి, సీసా అమ్మకుండానే ఉపదేశం మొదలుపెట్టాడు. "మాస్టారూ, బడిలో పిల్లలకు పాఠం చెప్పడం కాదిది. హ్యాండిల్ విప్పకపోతే దేవుడు దిగివచ్చి అతికించినా నిలవదు. ఈ ఫిల్మంతా పీకేసి బండి నాకు అప్పగించండి" అన్నాడు. మిగతా మూడు హ్యాండిళ్లు విప్పకుండానే నిలిచాయి కదా, ఇదొక్కటే ఎందుకు లేస్తున్నదని అడిగితే సమాధానం చెప్పలేదు. తన పనివాళ్ల వైపు తిరిగి ఒడియాలో నా గురించి ఒక మాట అన్నాడు, వాళ్లంతా నవ్వారు. నేను బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ని, ఒడియా నాకు తెలుగుతో సమానంగా వచ్చు. ఆ మాట ఇక్కడ రాయను. పని తెలిసినవాడు కారణం చెప్పాలి. కారణం చెప్పలేనప్పుడు తనకూ తెలియదని ఒప్పుకోవాలి. అడిగినవాణ్ని పదిమందిలో నవ్వులపాలు చేసి ఆ లోటును కప్పిపుచ్చుకోవడం ఏ వృత్తికీ గౌరవం కాదు. నా దగ్గర చదువుకునే పిల్లవాడు తెలియనిది అడిగినప్పుడు నేను ఏనాడూ అలా చేయలేదు.

కారణం ఇచ్ఛాపురంలో దొరికింది. జాతీయ రహదారి పక్కన లారీలకు రేడియం స్టిక్కర్లు కోసి అతికించే ఒక కుర్రవాడు ఉన్నాడు. వేరే పని మీద వెళుతూ అతని దగ్గర బండి ఆపి, "నాయనా, ఒక్కసారి ఇది చూస్తావా?" అని అడిగాను. అతను ఫిల్మ్ వైపు చూడనే లేదు. లేచిన ముక్కను మెల్లగా తీసి, తెల్ల గుడ్డను స్పిరిట్‌తో తడిపి, ప్లాస్టిక్ స్కేలు చివరకు చుట్టి, నా వేళ్లు ఎన్నడూ అందుకోని చోట, హ్యాండిల్ లోపలి వైపున పై అంచు మీద రుద్దాడు. గుడ్డ పసుపుపచ్చగా వచ్చింది. "గుడ్డ చూడండి మాస్టారూ. ఇది మట్టి కాదండి, పాలిష్. సిలికాన్ పాలిష్ ఉన్న చోట ఏ స్టిక్కరూ పట్టదు. వేలు పెట్టి చూడండి, లోపల గరుకుగా కూడా ఉంది" అన్నాడు. వేలితో తడిమితే నిజంగానే ఇసుక చల్లినట్టు తగిలింది.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. తుపాను తరువాత షెడ్డులో ఆ తలుపుకు రంగు వేసినప్పుడు హ్యాండిల్‌కు టేపు చుట్టి దాని చుట్టూ స్ప్రే చేశారు. హ్యాండిల్ వెనుకకు తడి రంగు చేరలేదు. గాలిలోనే ఆరిపోయిన రంగు పొడి మాత్రం వెళ్లి పడింది. ఆ గరుకుదనాన్ని సాపు చేయకుండా, మెరుపు కోసం దాని మీద పాలిష్ కొట్టి బండి ఇచ్చారు. కంపెనీ రంగు ఉన్న మూడు తలుపులకు ఈ పీడ లేదు. వేసిన ముక్కను తీసినప్పుడు మరో రుజువు దొరికింది: గోరంత రంగు పెచ్చు ఫిల్మ్‌తో పాటే ఊడి వచ్చి రంగుకు అడుగున వేసే బూడిదరంగు పూత బయటపడింది. మళ్లీ రంగు వేయించిన ప్యానెల్ మీద ర్యాప్ వేసేవారు ఈ ప్రమాదాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి; కంపెనీ రంగు మీద నుంచి వేడిచేసి నెమ్మదిగా లాగితే ఫిల్మ్ ఒక్కటే వస్తుంది, షెడ్డు రంగు మీద నుంచి లాగితే రంగు కూడా రావచ్చు. అతికించకముందే గట్టి టేపు ముక్క ఒకటి అతికించి, గబుక్కున లాగి చూడండి.

ఇంటికి వచ్చి 2000 నంబరు నీటి కాగితాన్ని (తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) ప్లాస్టిక్ కార్డుకు చుట్టి, హ్యాండిల్ వెనుక తేలికగా రుద్దాను. పెచ్చు ఊడిన చోట టచప్ రంగు పెట్టి పూర్తిగా ఆరనిచ్చాను. ఆ తరువాత గుడ్డ తెల్లగా వెళ్లి తెల్లగా వచ్చేదాకా, ప్రతిసారీ కొత్త ముక్కతో, ఆల్కహాల్ పెట్టి తుడిచాను. ఈసారి ఫిల్మ్‌ను గుంటలోకి చల్లగా తోయలేదు. గుంట మీద పరిచి, హీట్ గన్ వేడికి అది మెత్తబడి ముడతలు పోయి తనంతట తాను బిగుసుకున్న తరువాత, గుంట నడుమ నుంచి అంచులకు వేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఆఖరున ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టి చూస్తూ అంచులన్నిటినీ 100 డిగ్రీల దాకా వేడిచేశాను. సాగిన చోట ఈ వేడి తగిలితేనే కాస్ట్ ఫిల్మ్ తన పాత ఆకారాన్ని మరిచిపోతుంది. దుకాణదారు అమ్మని ఆ ప్రైమర్ అవసరమే రాలేదు. మర్నాడు ఉదయం అది నిలిచే ఉంది, ఇప్పటికీ ఉంది. ఇచ్ఛాపురం వెళ్లి ఆ కుర్రవాడికి చూపించాను. డబ్బు తీసుకోనన్నాడు, మా అమ్మాయి స్కూటీకి స్టిక్కర్లు అతని దగ్గరే వేయించాను.

బంపర్లను రెండేసి ముక్కలుగా, అతుకు గ్రిల్లు గీత వెంబడి పడేలా వేశాను. అతుకు పడిన ప్రతి చోటా ముందు ముక్క వెనుక ముక్క మీదికి, పై ముక్క కింది ముక్క మీదికి ఎక్కాలి. అప్పుడు గాలి గానీ నీరు గానీ అంచు కిందికి దూరవు. పక్క అద్దాల పెంకులకు కింది భాగాన విడిముక్క వేసి, పైదాన్ని దాని మీదికి తెచ్చాను. నంబరు ప్లేటు వెనుకకు ఫిల్మ్‌ను అందినంత దోపి వదిలేశాను. ముందు బంపర్ కింది పెదవి లోపలి వైపు మడత నేల మీద పడుకుని చేయవలసి వచ్చింది. విప్పి చేసి ఉంటే సులువయ్యే పని నిజంగా అదొక్కటే. అయినా, నాకు ఒక అరగంట నడుము నొప్పి మిగిలినా, క్లిప్పులన్నీ ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి.

వారం దాకా కారు కడగకూడదు. ఆ తరువాత కూడా సర్వీసింగు సెంటర్లో ప్రెషర్ గన్‌ను అంచులకు దగ్గరగా పెట్టనివ్వకండి, పక్కనే నిలబడి చెప్పండి. పెట్రోలు మూత దగ్గర ఒలికితే వెంటనే తుడిచేయాలి. మిగిలిన ఫిల్మ్‌ను మడవకుండా చుట్టగానే నిలబెట్టి దాచండి. గీత పడిన తలుపుకు రేపు వేరే చుట్టలోంచి ముక్క తెస్తే తెలుపులో తేడా రావచ్చు. మా వీధిలో ఇద్దరు తమ కార్లకు కూడా వేసిపెట్టమంటున్నారు. ఎప్పుడైనా షెడ్డులో రంగు వేయించారా అని ముందు వాళ్లను అడిగాను. ఒకాయన కారుకు రెండు తలుపులు వేయించారట, ఆ రెండింటి హ్యాండిళ్ల వెనుకా తెల్ల గుడ్డతో తుడిచి చూసిన తరువాతే మాట ఇస్తానన్నాను.