రేపంటే ఏ రేపు?

డీఎస్సీకి చదివే రోజుల్లో సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి, వశిష్ట గోదావరి దాటి నరసాపురంలో కోచింగుకి వెళ్లేవాణ్ణి. తెలుగు మీడియం వాణ్ణి. మిగతా ఇంగ్లీషు గ్రామరు ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, డైరెక్ట్ స్పీచ్‌ని, అంటే కొటేషన్లలో ఉన్న ఒకరి మాటని, మనం చెబుతున్నట్టు ఇండైరెక్ట్‌లోకి మార్చమంటే చేతులెత్తేసేవాణ్ణి.

పట్టిక మొత్తం బట్టీ పట్టాను. విల్ ఉంటే వుడ్, హియర్ ఉంటే దేర్, టుమారో ఉంటే ద నెక్స్ట్ డే. పంటు మీద రెయిలింగు పట్టుకుని అప్పజెప్పుకునేవాణ్ణి. తీరా పేపరు చేతికొస్తే, హీ సెడ్, "ఐ విల్ కమ్ టుమారో" అన్నదాన్ని ‘హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాసొచ్చేవాణ్ణి. మధ్యలో దట్ పెట్టాను కదా, ఇంకేం కావాలి? మాస్టారు పక్కన ఎర్రసిరాతో రాశారు: "వచ్చేది ఎవరు? నువ్వా, వాడా?"

అది బుర్రకెక్కింది మాత్రం ఇంట్లోనే. మా నాయనమ్మకి చెవుడు. ఎవరేమన్నా నేనే చెవి దగ్గరికెళ్లి అరిచి చెప్పాలి. ఓ సోమవారం కొబ్బరి దింపు తీసే అతను గుమ్మంలోంచే "రేపొస్తానండి, ఆయ్" అని వెళ్లిపోయాడు. నేను మర్చిపోయి మంగళవారం పొద్దున్న పంటు టైమైపోతోందని చెప్పులేసుకుంటూ అరిచాను: "దింపతను రేపొస్తానన్నాడే!" ఆవిడ నిశ్చింతగా తాళం వేసుకుని గుడికి పోయింది. అతనొచ్చి తాళం చూసి వెనక్కెళ్లిపోయాడు. మళ్లీ దొరకడానికి పదిరోజులు పట్టింది. ఆ సాయంత్రం నాకు పడ్డ అక్షింతలు చెప్పక్కర్లేదు. "ఏ రేపురా? ఆడి రేపా, నీ రేపా?"

అక్కడ తెలిసింది. మన ‘అని’ అవతలివాడి మాటని ఉన్నదున్నట్టు మోసుకొచ్చేస్తుంది. వాడి ‘వస్తాను’, వాడి ‘రేపు’ అన్నీ చెక్కుచెదరవు. ఇంగ్లీషులో కొటేషన్ గుర్తులు తీసేశాక అలా కుదరదు. మాట వాడిదే అయినా, చెబుతున్న నేను నా చోటు నుంచి, నా రోజు నుంచి చెప్పాలి. అప్పుడు ఐ కాస్తా హీ అయిపోతుంది, విల్ వుడ్ అయిపోతుంది, సోమవారం నాటి రేపు ద నెక్స్ట్ డే అయిపోతుంది. దట్ అంటే ‘అని’ అనుకోవడమే నా కొంప ముంచింది.

ప్రశ్నల్లోనూ అదే రోగం. ‘వస్తావా అని అడిగాడు’ని ‘ఆస్క్‌డ్ దట్’ అని మొదలెట్టేవాణ్ణి. అక్కడ దట్ పనికిరాదు, ఇఫ్ గానీ వెదర్ (whether) గానీ రావాలి. ఆజ్ఞలు మాత్రం హాయి. "కమ్ హియర్" అంటే ‘టోల్డ్ మీ టు గో దేర్’, అంతే. గోదావరి త్ర్యంబకంలో పుడుతుంది లాంటి నిత్యసత్యాలకి కాలం మార్చక్కర్లేదన్నారు, పరీక్షకి అది చాలు.

ఆఖరిదాకా వదలనిది వేర్, వెన్ ప్రశ్న. "వేర్ డు యూ లివ్?" అన్నదానికి ‘హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ లివ్‌డ్’ అని రాయాలి. డు ఊసే ఉండదు, మాటల వరస మామూలు వాక్యంలా సర్దుకుంటుంది. నేను ‘వేర్ డిడ్ ఐ లివ్’ అని ఓ ఇరవైసార్లు రాసుంటాను. పేపరు మీద మానేశాను గానీ, కంగారుగా మాట్లాడితే ఆ డిడ్ ఇప్పటికీ జారిపడుతుంది.