లోపలి చెవికి తెలిసేది వేగం కాదు, వేగంలో మార్పు

అరచేతిని మొహానికి అడుగు దూరంలో పెట్టుకుని వేగంగా అటూ ఇటూ ఊపుతూ అందులో గీతలు చూడండి. అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఇప్పుడు చెయ్యి కదపకుండా తలని అంతే వేగంగా ఊపండి, గీతలు చక్కగా కనిపిస్తాయి. రెండుసార్లూ ఊపు ఒకటే కదా, మరి తేడా ఎక్కడుంది? తల కదిలిందన్న సంగతిని లోపలి చెవి సుమారు 10 మిల్లీసెకన్లలో కంటి కండరాలకి చేరవేస్తుంది, తల కుడికి తిరిగితే కళ్లు సరిగ్గా అంత మేరకు ఎడమకి జరుగుతాయి. కదిలే చేతిని వెంబడించాలంటే మాత్రం కన్ను ముందు చూడాలి, మెదడు లెక్క కట్టాలి, దానికి ఇంచుమించు పది రెట్లు సమయం పడుతుంది.

ఈ పని చేసే భాగం వినికిడికి పనికొచ్చే కర్ణావర్తం పక్కనే, కణత ఎముక లోపల ఉంటుంది. మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటి మొదట్లో రెండు చిన్న సంచులు. గొట్టాలు ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో ఉంటాయి కాబట్టి తల ఎటు తిప్పినా కనీసం ఒక గొట్టానికి తెలుస్తుంది. గొట్టంలో ద్రవం ఉంటుంది, ఒక చివర ఉబ్బిన చోట జెల్లీ లాంటి మెత్తటి పొర అడ్డంగా నిలబడి ఉంటుంది. తల తిరగ్గానే గొట్టం తిరుగుతుంది గానీ ద్రవం కాస్త వెనకబడుతుంది, ఆ ఒత్తిడికి పొర వంగుతుంది, దాని అడుగున ఉన్న రోమ కణాలు నాడికి సంకేతం పంపుతాయి.

అసలు కీలకం ఇక్కడుంది. ఒకే వేగంతో గుండ్రంగా తిరుగుతూనే ఉంటే కాసేపటికి ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది, పొర నిటారుగా అయిపోతుంది, కళ్లు మూసుకుని ఉంటే సుమారు అర నిమిషంలో తిరుగుతున్నట్టే అనిపించదు. ఆగగానే ద్రవం మాత్రం ఆగదు, పొరని రెండో వైపుకి వంచుతుంది, దాంతో మనం వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. అంటే ఈ గొట్టాలకి వేగం తెలియదు, వేగంలో మార్పే తెలుస్తుంది.

సంచుల్లో పద్ధతి వేరు. అక్కడి జెల్లీ మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి, తల వంచితే బరువుకి అవి జారి కిందున్న కణాలని వంచుతాయి. బండి ఒక్కసారిగా ముందుకి దూకినా అవి అలాగే వెనక్కి జారతాయి, కాబట్టి వాలడానికీ వేగం పుంజుకోవడానికీ తేడా ఈ సంచులకి విడిగా తెలియదు. రాత్రిపూట బయట ఏ వెలుగూ లేనిచోట విమానం పైకి లేస్తుంటే ముక్కు మరీ ఎక్కువగా పైకి లేచిపోతోందని పైలట్‌కి అనిపించేది ఇందువల్లే. ఆ భ్రమని నమ్మి ముక్కు కిందకి దించి నేలని ఢీకొట్టిన ప్రమాదాలు నిజంగానే జరిగాయి, అందుకే శరీరాన్ని కాదు, మీటర్లని నమ్మమని వాళ్లకి నేర్పిస్తారు.

తల కదలకుండా ద్రవాన్ని కదిపితే? రాబర్ట్ బారనీ అనే డాక్టర్ చెవులు కడుగుతున్నప్పుడు గమనించింది ఇదే: చల్లటి నీళ్లకి కనుగుడ్లు ఒక వైపుకి కుదుపుగా కదిలితే, వేడి నీళ్లకి రెండో వైపుకి కదిలేవి. గొట్టంలో ద్రవం చల్లబడితే ఒక వైపుకి, వేడెక్కితే రెండో వైపుకి కదలడమే దీనికి కారణం. 1914 నోబెల్ బహుమతి ఆయనకే, ఆ వార్త అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారు. లోపలి చెవిని పరీక్షించడానికి ఈ పద్ధతిని ఇప్పటికీ వాడతారు.

మంచం మీద పక్కకి దొర్లినప్పుడో, తలెత్తి పైకి చూసినప్పుడో గది మొత్తం గిర్రున తిరిగి నిమిషంలోపే సర్దుకుంటే, చాలాసార్లు కారణం ఆ స్ఫటికాలు కొన్ని ఊడి గొట్టంలోకి, ఎక్కువగా వెనక గొట్టంలోకి, జారడమే. తల ఆగినా అవి ఇంకా కిందకి జారుతూ ద్రవాన్ని లాగుతుంటాయి. బీపీ అనీ, మెడ అరిగిందనీ, గ్యాస్ అనీ నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే జారిన స్ఫటికాన్ని ఏ మాత్రా వెనక్కి పెట్టలేదు. డాక్టర్ మిమ్మల్ని పడుకోబెట్టి కళ్ల కదలిక చూసి ఏ చెవో తేల్చాక, అమెరికన్ చెవి డాక్టర్ జాన్ ఎప్లీ చెప్పిన వరసలో తలని తిప్పుతారు, స్ఫటికాలు తమ బరువుతోనే సంచిలోకి తిరిగొస్తాయి. కొన్ని నిమిషాల పని, చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది.

అన్ని తిరుగుళ్లూ ఇవే కావు. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, అస్సలు నిలబడలేకపోవడం తోడైతే పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తల తిరగడానికి ఇంకో కారణం, ఒక వైపు చెవి నాడికి వాపు వచ్చి ఆ చెవి నుంచి సంకేతాలు తగ్గిపోవడం. తల కదలనప్పుడు కూడా రెండు చెవులూ మెదడుకి సంకేతాలు పంపుతూనే ఉంటాయి, మెదడు చూసేది వాటి మధ్య తేడానే, కాబట్టి ఒకటి మూగబోతే రోజుల తరబడి తిరుగుతున్నట్టే ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు తల తిరుగుడు మాత్రలు అవసరమే, కానీ వారాల తరబడి వాడితే మెదడు కొత్త లెక్కకి అలవాటుపడటం ఆలస్యమవుతుంది. కాస్త తేరుకోగానే లేచి నడవాలి, ఫిజియోథెరపిస్ట్ చూపించిన తల కదలికలు తిరుగుడు వస్తున్నా సరే కొద్దికొద్దిగా చేస్తూ ఉండాలి.