మోంతజరీ ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే

ఇరాన్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చే పేర్లు విప్లవం నడిపించిన ఖొమేనీ, ఆయన తర్వాత దేశానికి సర్వోన్నత నేత అయిన ఖమేనీ. ఆ ఇద్దరి మధ్య ఆ పెద్ద పదవి ఖాయమైపోయి కూడా చేజారిన ఇంకో మనిషి ఉన్నాడు, ఆయతొల్లా హుస్సేన్ అలీ మోంతజరీ. కొన్నాళ్లుగా ఆయన గురించే చదువుతున్నా.

మాది అనంతపురం వైపు. పీర్ల పండగ చూస్తూ పెరిగాం గానీ, షియా మతపెద్దల చదువు ఎలా ఉంటుందో బెంగళూరు వచ్చేదాకా నాకు తెలీదు. షీరాజ్ నుంచి ఇక్కడికి గుర్రాల వ్యాపారానికి వచ్చిన ఆగా అలీ అస్కర్ మనవడే మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్, కాబట్టి ఈ ఊరికి ఇరాన్ మరీ పరాయిదేం కాదు. మా ఆఫీసులో హైదరాబాద్ పాతబస్తీ షియా భాయ్ ఒకతను ఉన్నాడు. జాన్సన్ మార్కెట్ దగ్గర టీ తాగుతూ అతనే ఓపిగ్గా చెప్పాడు: మర్జా, అంటే జనం మతవిషయాల్లో అనుసరించే పెద్ద పండితుడు, అయ్యేది ప్రభుత్వ ఉత్తర్వుతో కాదట, దశాబ్దాలు చదివి, పాఠాలు చెప్పి, పుస్తకాలు రాస్తే జనమే నమ్మి వెంట నడుస్తారట, ఖుమ్స్ (ఆదాయంలో ఐదో వంతు మతపరంగా ఇచ్చేది) డబ్బు కూడా ఆయనకే అప్పజెబుతారట.

మోంతజరీ 1922లో నజఫాబాద్‌లో ఒక రైతు ఇంట పుట్టాడు. మతవిద్యకి పేరున్న ఖుమ్ నగరంలో పెద్ద పండితుడు బురూజెర్దీ దగ్గరా, ఖొమేనీ దగ్గరా చదివాడు. విప్లవానికి ముందు రాజు షా కాలంలో జైళ్లు చూశాడు. విప్లవం తర్వాత 1979లో రాజ్యాంగం రాసిన సభకి అధ్యక్షుడు. మతపండితుడే దేశాన్ని నడపాలన్న సిద్ధాంతం మీద నాలుగు సంపుటాలు రాసింది ఈయనే. 1985లో ఖొమేనీ వారసుడిగా ఎంపికయ్యాడు.

1988 వేసవిలో జైళ్లలో ఉన్న రాజకీయ ఖైదీలని వేల సంఖ్యలో ఉరితీశారు, అందులో చాలామంది అప్పటికే కోర్టు వేసిన శిక్ష అనుభవిస్తున్నవాళ్లే. ఎక్కువమంది ప్రభుత్వాన్ని ఎదిరించిన ముజాహిదీన్ సంస్థవాళ్లు. 1981లో 70 మందికి పైగా చనిపోయిన బాంబు పేలుడు ఆ సంస్థ పనే అని ప్రభుత్వం చెప్పింది, ఆ పేలుడులో మోంతజరీ సొంత కొడుకు మహమ్మద్ కూడా పోయాడు. కొడుకుని చంపారని ప్రభుత్వం చెప్పిన సంస్థవాళ్ల ప్రాణాల కోసం ఆయన ఖొమేనీకి ఉత్తరాలు రాశాడు. ఆగస్టు 15న ఎవరిని ఉరితీయాలో తేల్చే కమిటీవాళ్లని కూర్చోబెట్టి, ఇస్లామిక్ రిపబ్లిక్‌లో ఇంతకన్నా పెద్ద నేరం జరగలేదు, చరిత్ర మనల్ని క్షమించదు అని మొహం మీదే అనేశాడు. అప్పుడే ముహర్రం మొదలైంది, కనీసం ఈ నెలైనా ఆపండి అని అడిగితే, ఇప్పటికే 750 మంది అయిపోయారు, ఇంకో 200 మందిని వేరుచేసి పెట్టాం, వీళ్లని కూడా కానిచ్చేస్తాం అన్నారట, ఇది ఆయన ఆత్మకథలో ఉంది. ముహర్రం గురించి ఆ మాట చదివాక నాకు చాలాసేపు ఇంకేం చదవబుద్ధి కాలేదు. ఆ కమిటీలో ఉన్న రయీసీయే 2021లో దేశాధ్యక్షుడయ్యాడు.

1989 మార్చి చివర్లో మోంతజరీని వారసత్వం నుంచి తప్పించారు. జూన్ 3న ఖొమేనీ చనిపోయాడు.

"అన్నా, రెండు నెలలు ఊరుకుని ఉంటే పదవి ఆయనదే కదా, అప్పుడు తనే అన్నీ మార్చేవాడేమో" అంటాడు మా భాయ్. ఈ వాదన కొట్టిపారేసేది కాదు, ఇరాన్‌లోనూ చాలామంది ఇలాగే బాధపడ్డారు. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆయన మాట్లాడాల్సింది ఆ ఆగస్టులోనే, ఆ 200 మంది ఇంకా బతికున్నప్పుడే. పైగా అంత ఘోరాన్ని మింగి పదవిలోకి వచ్చినవాడు తర్వాత నోరు విప్పుతాడని ఎలా నమ్మడం?

పదవి పోయినా చదువు పోలేదు. పండితుడి పని పర్యవేక్షణే గానీ పెత్తనం కాదని తన సిద్ధాంతాన్ని తనే సరిదిద్దుకున్నాడు, ఇది నాకు అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది. 1997లో ఖమేనీ అర్హతనే ప్రశ్నించినందుకు 2003 దాకా గృహనిర్బంధంలో పెట్టారు. 2008లో ఇరాన్‌లో వేధింపులకి గురైన అల్పసంఖ్యాక మతంవాళ్లు బహాయీలకి కూడా పౌరహక్కులు ఉన్నాయని చెప్పాడు. 2009 ఎన్నికల మీద జనం రోడ్డెక్కితే వాళ్ల పక్షాన నిలబడ్డాడు, ఆ డిసెంబరులోనే పోయాడు.

ఆ ఆగస్టు సమావేశం రికార్డింగ్‌ని 2016లో కొడుకు అహ్మద్ బయటపెట్టాడు. అతనికీ మతపెద్దల ప్రత్యేక కోర్టు జైలు శిక్ష వేసింది. ఆ రికార్డింగ్ మాత్రం అప్పటికే జనం చేతుల్లోకి వెళ్లిపోయింది.