తీర్థమంటే దిగే చోటు

గోదావరి జిల్లాల్లో ఎవరైనా "తీర్థానికి వెళ్ళొచ్చాం" అన్నారంటే, గుడిలో ఉద్ధరిణితో పోసిన నీళ్ళు పుచ్చుకుని వచ్చారని కాదు. కాశీ రామేశ్వరాలు తిరిగి వచ్చారనీ కాదు. భీష్మ ఏకాదశినాడు అంతర్వేది రథం చూసి, సముద్రస్నానం చేసి, పిల్లలకు జీళ్ళూ ఖర్జూరాలూ కొనుక్కుని వచ్చారని అర్థం. తెలుగునేల మీద మరోచోట జాతర అనో తిరునాళ్ళనో పిలిచేదాన్ని మేము తీర్థం అంటాం. చొల్లంగి తీర్థం, షష్ఠి తీర్థం, ప్రభల తీర్థం. అదే ఇంట్లో పూజగదిలోని పంచపాత్రలో తులసిదళం వేసిన నీళ్ళు కూడా తీర్థమే. పెద్దలు చేసేది తీర్థయాత్ర. గోడమీది పటంలో ఉన్న పీఠాధిపతి పేరు చివర తీర్థ. "తీర్థానికి తీర్థమే, ప్రసాదానికి ప్రసాదమే" అని సామెత కూడా మనకుంది.

సంతలాంటి సందడికీ, అరచేతిలోని మూడు చుక్కల నీటికీ, సన్న్యాసి పేరుకీ ఒకే మాట ఎలా సరిపోయింది? తీర్థం మాటను మా డెల్టా ప్రజలు తేలికచేసి జాతరకు దించారని కొందరు పండితులు చిన్నచూపుతో అనగా విన్నాను. నాకు అలా అనిపించదు. ఆ మాట అసలు అర్థాన్ని పదిలంగా దాచుకున్నవాళ్ళు మా పల్లెలవాళ్ళే అనిపిస్తుంది.

దాటడం అనే అర్థమున్న 'తౄ' ధాతువు నుంచి వచ్చింది ఈ పదం. తరణం, తారకం, మనం రోజూ అనే "జన్మ తరించింది", అన్నీ ఆ ఇంటివే. వేదకాలంలో తీర్థమంటే ఏటిలోకి భయం లేకుండా దిగి అవతలికి దాటగలిగే చోటు. తెలుగులో రేవు. నది అంతా తీర్థం కాదు, అందులో దిగడానికి వీలున్న చోటే తీర్థం. గోదావరి గట్టున పుట్టినవాళ్ళకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. లంకల దగ్గర ఎక్కడ ఊబి, ఎక్కడ సుడి, ఎక్కడ గట్టి ఇసుక అన్నది తెలియకుండా కాలు పెట్టకూడదని చిన్నప్పుడే నేర్పుతారు.

అమరకోశం ఈ పదానికి నాలుగు అర్థాలిచ్చింది: "నిపానాగమయోస్తీర్థమృషిజుష్టే జలే గురౌ". నిపానం, ఆగమం, ఋషులు సేవించిన జలం, గురువు. ఈ నాలుగింటినీ విడివిడిగా వల్లించి వదిలేస్తాం గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే ఒక దారం కనిపిస్తుంది. నిపానమంటే బావి పక్కన పశువులు నీళ్ళు తాగడానికి కట్టిన తొట్టి. పశువు బావిలోకి దిగలేదు కనుక దాని నోటికి అందేలా ఎవరో కట్టిపెట్టారు. ఆగమం అంటే శాస్త్రం, ముందు నడిచినవారు వేసిపెట్టిన దారి. ఋషిజుష్టమైన జలమంటే మనకన్నా ముందు మహాత్ములు దిగిన నీళ్ళు. గురువు సంగతి సరేసరి. ఈ నాలుగింటా ఒకరు ముందుగా దిగి, వెనక వచ్చేవారికి దిగడం సులువు చేశారు. యాగశాలలోనూ అంతే: సోమయాగంలో చాత్వాలమనే గోతికీ ఉత్కరమనే మట్టికుప్పకీ నడుమ నడిచే దారికి తీర్థమనే పేరు. కోనసీమలో నిత్యాగ్నిహోత్రం నిలుపుకున్న ఆహితాగ్నుల ఇళ్ళలో ఆ మాట ఇప్పటికీ ఆ అర్థంలో బతికే ఉంది. అక్కడ నీళ్ళు లేవు, దారి ఉంది.

కోటిపల్లి రేవుకు వెళ్ళినవారికి ఈ రెండు అర్థాలూ ఒకేచోట దొరుకుతాయి. చంద్రుడు ప్రతిష్ఠించాడని చెప్పే సోమేశ్వరుని ముందు గౌతమి పాయ. దానికి కోటితీర్థమని పేరు. స్నానం చేసి సంకల్పం చెప్పుకునేవాళ్ళు ఒకపక్క, అవతలి గట్టున ఉన్న ముక్తేశ్వరానికి పంటు అనే దాటింపు పడవ ఎక్కేవాళ్ళు ఇంకోపక్క. మునిగేవారికీ దాటేవారికీ రేవు ఒకటే. అవతలి ఊరికి ముక్తేశ్వరమన్న పేరు పెట్టిన పెద్దలు ఏమి తలచి పెట్టారో గాని, కోటిపల్లిలో పంటు ఎక్కినప్పుడల్లా ఆ పేరుకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇక చేతిలోని తీర్థం. "అకాల మృత్యుహరణం సర్వవ్యాధి నివారణం" అంటూ అర్చకస్వామి పోసే ఆ నీటికి పాదోదకమని పేరు. శివాలయంలో అభిషేకజలం, వైష్ణవంలో శ్రీపాదతీర్థం. వీరశైవుల అష్టావరణాలలో పాదోదకం ఒకటి. సంప్రదాయాలు వేరైనా పట్టే అరచెయ్యి ఒకటే. ఆ అరచేతిలోనూ తీర్థాలున్నాయని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. బొటనవేలి మొదట బ్రాహ్మతీర్థం, చిటికెనవేలి మొదట ప్రాజాపత్యం, వేళ్ళ కొసల దైవతీర్థం, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పితృతీర్థం. ఆచమనం నీళ్ళు బ్రాహ్మతీర్థం నుంచి లోపలికి వెళతాయి. దేవతర్పణం వేళ్ళ కొసల నుంచి, పితృతర్పణం బొటనవేలి పక్క నుంచి జారుతుంది. పుష్కరాల్లో, మహాలయ పక్షంలో రేవుల దగ్గర పురోహితులు "అలా కాదు నాయనా, బొటనవేలు పక్కనుంచి వదలాలి" అని చెయ్యి పట్టుకుని సరిచేస్తుంటారు. తర్పణం ఎన్నడూ ఇవ్వని కుర్రవాడి చేతినుంచి నీళ్ళు సరైన దారిన జారిన ఆ క్షణంలో, తండ్రికీ కొడుక్కీ మధ్య ఉన్న ఏరు కూడా దాటినట్లే ఉంటుంది. ఆ దాటింపు జరిగేది వేలెడు మేర చర్మం మీద. శాస్త్రం దాన్ని తీర్థమనడంలో ఎంత దయ ఉందో!

సన్న్యాసుల పేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. శంకర సంప్రదాయంలో సన్న్యాసులు పెట్టుకునే పది పేర్ల, అంటే దశనామాల శ్లోకం "తీర్థాశ్రమ" అనే మొదలవుతుంది. మధ్వాచార్యుల ఆశ్రమనామం ఆనందతీర్థులు. ఆయన బదరి నుంచి తిరిగి వస్తూ గోదావరి తీరాన పండితులతో వాదించారనీ, అక్కడి శోభనభట్టు ఆయన శిష్యుడై పద్మనాభతీర్థులయ్యారనీ మధ్వ సంప్రదాయం చెబుతుంది. మన నది ఒడ్డున ఒక పండితుడు తీర్థుడయ్యాడన్నమాట. జైనులు తమకు దారి చూపిన జినులను తీర్థంకరులంటారు. వారి లెక్కలో సాధువులు, సాధ్వులు, గృహస్థులైన శ్రావకులు, శ్రావికలు కలిసిన సంఘమే తీర్థం. విష్ణుసహస్రనామంలో స్వామికే తీర్థకరుడని పేరుంది, "మనోజవస్తీర్థకరో". విద్యలన్నీ వెలువరించినవాడు కనుక తీర్థకరుడని శంకరుల భాష్యం. భాగవతంలో దేవకి గర్భాన ఉన్న స్వామిని దేవతలు స్తుతిస్తూ ఒక మాటంటారు: భయంకరమైన భవసాగరాన్ని తాము దాటిన మహాత్ములు, నీ పాదాలనే నావను ఈ గట్టునే వదిలి వెళ్ళారు. ఎవరికోసం? వెనకవచ్చే మనకోసం. ఈ శ్లోకం దగ్గర నా గొంతు ప్రతిసారీ ఆగుతుంది.

శ్రీరుద్రం నాకు ఈ మాట లోతు చూపించింది. అందులోని మొదటి భాగమైన నమకం ఎనిమిదో అనువాకంలో "నమశ్శివాయ చ శివతరాయ చ" వస్తుంది. పంచాక్షరి వేదంలో వెలసిన చోటది. అక్కడ అందరం చేతులు జోడిస్తాం. జోడించిన చేతులు విడివడేలోగా తరువాతి మాట వెళ్ళిపోతుంది: "నమస్తీర్థ్యాయ చ కూల్యాయ చ". రేవులో ఉన్నవానికి నమస్సు, గట్టున ఉన్నవానికి నమస్సు. "నమః పార్యాయ చావార్యాయ చ", ఆవలి ఒడ్డున ఉన్నవానికి, ఈవలి ఒడ్డున ఉన్నవానికి. "నమః ప్రతరణాయ చోత్తరణాయ చ", దాటించేవానికి, గట్టెక్కించేవానికి. అక్కడితో ఆగదు. శష్ప్యాయ, గట్టున మొలిచిన లేతగడ్డిలో ఉన్నవానికి. ఫేన్యాయ, నురగలో ఉన్నవానికి. సికత్యాయ, ఇసుకలో. ప్రవాహ్యాయ, ప్రవాహంలో. ఒక నదిని నిలబడి చూస్తున్న కన్ను ఏ వరుసలో చూస్తుందో ఆ వరుసలోనే నమస్కారాలు సాగుతాయి. పంచాక్షరి పలికిన వెంటనే వేదం మనల్ని కైలాసానికి తీసుకువెళ్ళలేదు, రేవుకు తీసుకువెళ్ళింది. శివుడు ఆవలి ఒడ్డున మాత్రమే ఉంటే దాటలేనివాళ్ళ గతి ఏమిటి? అందుకే ఈవలి ఒడ్డునా ఆయనే, మధ్యలో మనం మునిగే నీళ్ళలోనూ ఆయనే.

చివరి అనువాకంలో ఇంకొక మాట ఉంది: "యే తీర్థాని ప్రచరంతి సృకావంతో నిషంగిణః". ఆయుధాలు ధరించి తీర్థాలలో సంచరించే రుద్రులు. ఈ వాక్యానికి భాష్యం కావాలంటే కనుమనాడు అంబాజీపేట మండలంలోని మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు రావాలి.

జగ్గన్నతోటలో గుడి లేదు. కొబ్బరితోట, అంతే. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత చెప్పుకునే నేల మీద, ఆ ఒక్కరోజు పదకొండు ఊళ్ళ శివుళ్ళు కదులుతారు. లోకకల్యాణం కోసం ఏకాదశ రుద్రులు ఇక్కడ సమావేశమవుతారని నమ్మకం. వెదురు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, పూలతో వరికంకులతో అలంకరించిన ప్రభల మీద స్వాములను కూర్చోబెట్టి "అశ్శరభ శరభ" అంటూ భుజాల మీద మోసుకొస్తారు. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి వచ్చినప్పుడు మిగతా ప్రభలను కాస్త పైకెత్తి గౌరవం చూపిస్తారు. దేవుళ్ళు లేచి నిలబడడమన్నమాట. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకు కౌశిక అనే ఏరు అడ్డు. వంతెన చుట్టూ తిరిగిరారు. పచ్చని వరిచేల మీదుగా వచ్చి, ప్రభను తడవనివ్వకుండా ఎత్తి పట్టుకుని, మనుషులు నీళ్ళలో దిగి దాటిస్తారు. చేను తొక్కుడు పడిందని ఏ రైతూ గొడవపడడు, స్వామి అడుగు తన పొలంలో పడిందని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే ఢిల్లీకి చూపించింది. కానీ శకటం మీద ప్రభను చూపగలరు గాని, ఏటిని చూపలేరు.

ఆ ఏరే నాకు ముఖ్యం. గుడి లేదు, కోనేరు లేదు, ఉన్నది దాటడం. ప్రతరణాయ చోత్తరణాయ చ అని ఎవరికి మొక్కుతామో ఆ దాటించేవాణ్ణే మనుషులు గుండెలోతు నీటిలో దాటిస్తారు. మోసేవాళ్ళలో పాదం జారిన ఒకడికి పక్కవాడి భుజం ఊతమవుతుంది. సంఘమే తీర్థమన్న జైనుల మాటా, తీర్థాలలో తిరిగే రుద్రులన్న వేదవాక్యమూ అక్కడ ఆ బురదనీటిలో ఒకటవుతాయి. ఇది జాతరే గదా, తీర్థమెలా అవుతుంది అనేవారు ఒక కనుమ మధ్యాహ్నం కౌశిక గట్టున నిలబడి చూడాలి.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థమహిమ చెబుతూ పేదవాణ్ణి తలచుకుంటాడు. యజ్ఞాలకు సంభారాలు కావాలి, ధనం కావాలి, అవి రాజులకే సాధ్యం. పేదవాడికి కూడా అందే పుణ్యం తీర్థాభిగమనం, అది యజ్ఞాలను మించినదంటాడు. ఆ జాబితాలో సప్తగోదావరం ఉంది. అక్కడే షరతు కూడా పెట్టాడు: ఎవడి చేతులు, పాదాలు, మనసు అదుపులో ఉంటాయో వాడికే తీర్థఫలం. చేతులు అని మొదట అనడం గమనించండి. పూజాద్రవ్యాలు కట్టి తెచ్చిన ప్లాస్టిక్ సంచిని నీళ్ళలోకి విసిరేది ఆ చెయ్యే. భాగవతంలో గంగ భగీరథుణ్ణి అడుగుతుంది, మనుషులు తమ పాపాలు నాలో కడుక్కుంటే నేను ఎక్కడ కడుక్కోను అని. హరిని హృదయంలో నిలుపుకున్న సాధువులు నీలో మునిగి నీ పాపం తీస్తారని ఆయన జవాబు. పాపాలకైతే సాధువులున్నారు. సంచులను మనమే తియ్యాలి.

మా డెల్టాలో భగీరథుడన్న పేరు ఇంకొకరికి కూడా ఉంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ను, నిత్యం గోదావరీస్నానపుణ్యం ఇచ్చిన భగీరథుడని పండితులు శ్లోకం కట్టి స్మరించారు. నదికి దూరంగా ఉన్న ఊళ్ళకు కాలువ రూపంలో రేవు తెచ్చిపెట్టాడు కనుక ఆయనను పరాయివాడనుకోలేదు.

భారవి కిరాతార్జునీయంలో "కృతతీర్థః పయసామివాశయః" అంటాడు. మెట్లు కట్టిన చెరువులాగా, అని. లోతైన నీరైనా మెట్లు కడితే ఎవరైనా దిగగలరు. అక్కడ తీర్థమంటే మెట్లే. 2027లో మళ్ళీ గురుడు సింహరాశిలోకి వస్తాడు, పుష్కరాలు వస్తాయి. రాజమహేంద్రవరమే వెళ్ళాలన్న నియమం లేదు. వసిష్ఠలో మునిగినా, వైనతేయలో మునిగినా ఆమే గోదావరి. మా ఊరి రేవులో కింది మెట్లు వరదకు కదిలి, నాచు పట్టి ఉన్నాయి. వయసైనవాళ్ళు పై మెట్టునే కూర్చుని చెంబుతో పోసుకుంటున్నారు. ఈలోగా నీళ్ళు తగ్గిన వేసవిలో ఆ మెట్లు సరిచేసి, పట్టుకోవడానికి ఒక గొలుసు బిగించాలని నలుగురం అనుకున్నాం. సిమెంటుకు డబ్బు పోగవుతోంది. తాపీ పని తెలిసిన ఇద్దరు కూలి తీసుకోకుండా చేస్తామన్నారు. మీ ఊరి రేవు ఎలా ఉందో కూడా ఒకసారి వెళ్ళి చూడండి.