ఐదు భాగాలు, పదకొండు బోర్లు

మొన్న ఏప్రిల్‌లో మా చిన్నన్న మళ్ళీ బోరు వేయించాడు. బడికి సెలవులిచ్చేశాం కాబట్టి నేనూ ఊళ్ళోనే ఉన్నాను. తిరుచెంగోడు బండి రాత్రి తొమ్మిదికి వచ్చింది. అనంతపురం వైపు తిరిగే బోరు బండ్లు చాలావరకు ఆ తమిళనాడు ఊరివే. టెంకాయ కొట్టి మొదలుపెట్టారు. ముందు ఎర్రమట్టి లేచింది, తర్వాత గరుసు. నూట ఇరవై అడుగుల దగ్గర రాయి తగిలింది. ఇక అక్కణ్ణుంచి తెల్లపొడే. పిండిమిషన్లో నిలబడ్డట్టుంది. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రాడ్డు మార్చిన ప్రతిసారీ "తడేమన్నా తగిలిందా?" అని అడుగుతోంది. నాలుగొందల దగ్గర పొడి కాస్త ముద్దముద్దగా వచ్చేసరికి అన్న పరుగెత్తి చేత్తో పట్టుకుని నలిపి చూశాడు. ఇంకో రెండు రాడ్లకు మళ్ళీ ఎండుపొడి. ఎనిమిది వందల అరవై దగ్గర ఆపమన్నాడు. డబ్బులు అంతవరకే ఉన్నాయి.

తెల్లారి చూస్తే పక్కనున్న చీనీ (బత్తాయి) చెట్ల ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

మా జేజినాయన సంపాదించిన పన్నెండు ఎకరాల్లో అది పదకొండో బోరు. ఆయన కాలంలో మొత్తం చేనికి ఒకటే బావి. కపిల తోలేవాళ్ళు. ఎద్దులు అలిసిపోతే నీళ్ళు తోడడం ఆగేది, ఆ రాత్రికి బావిలో మళ్ళీ ఊట ఊరేది. కిందున్న రెండెకరాల్లో వరో రాగో, మిగతా అంతా వాన పంటే. కొర్ర, జొన్న, కంది, అనప, ఆముదం. ఆయనకు ఇద్దరు కొడుకులు, తలా ఆరెకరాలు. మా నాయనకు ముగ్గురు కొడుకులు, నేను. మా చిన్నాయనకు ఇద్దరు కొడుకులు. ఇప్పుడు చేను ఐదు భాగాలు. మా అన్నదమ్ములకు తలా రెండెకరాలు, చిన్నాయన కొడుకులకు తలా మూడు.

ఆడపిల్లలకూ సమాన వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టమొచ్చింది. భాగాలప్పుడు నేను సంతకం పెట్టి వదిలేశాను. నేనూ తీసుకుని ఉంటే ఆరో భాగం, పన్నెండో బోరు అయ్యేది అని మా వాళ్ళతో నవ్వుతూ అంటుంటాను. వాళ్ళు నవ్వరు.

జనాభా పెరిగింది, అందుకే కరువు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. లెక్క చూస్తే అట్లా కనిపించదు. పాత అనంతపురం జిల్లా పంతొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల పైన. 2001లో జనం 36.4 లక్షలు, 2011లో 40.8 లక్షలు. చదరపు కిలోమీటరుకు 213 మంది. అదే 2011లో పశ్చిమ గోదావరిలో 508 మంది. వాళ్ళకు గోదావరి కాలువలున్నాయి, మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, దాని కింద రాయి. రుతుపవనాల మేఘాలు పడమటి కొండల అవతలే బరువు దించుకుని మా దాకా వట్టి చేతుల్తో వస్తాయి. మనిషిని నేలతో కాకుండా నీళ్ళతో లెక్కేస్తే మా జిల్లా ఎప్పుడో కిక్కిరిసిపోయింది.

వాన తగ్గిందా అని అడిగితే నేను మా నాయన క్యాలెండర్లు తీస్తాను. ఆయనకు పెద్దగా చదువు రాదు గానీ గోడ క్యాలెండర్లో వాన పడ్డ రోజు తప్పకుండా రాసేవాడు. మిల్లీమీటర్లు లేవు, మూడే కొలతలు: దుమ్ము అణిగింది, పదునైంది (అంటే నేల విత్తేంత తడిసింది), వంక పారింది. ఆ క్యాలెండర్లన్నీ సుతిలి తాడుతో కట్టి అటకమీద పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఒక వేసవిలో కూర్చుని అన్నీ తిరగేశాను. పాతవాటిలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా 'పదునైంది' అన్న మాట విత్తనం సాలులాగా వరసగా వస్తుంది. చివరి పదేళ్ళవాటిలో వారాలకు వారాలు గళ్ళు ఖాళీ. ఉన్నట్టుండి 'వంక పారింది', మళ్ళీ ఖాళీ. ఏడాది మొత్తం కూడితే రెండూ దగ్గరదగ్గరే కావచ్చు. శనక్కాయకు మాత్రం ఆ తేడా చావుబతుకులు. పూత రాలి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ పదును లేకపోతే గట్టిపడ్డ ఎర్రనేలలోకి ఊడ దిగదు. పైకి కట్టె పచ్చగానే ఉంటుంది, పీకితే కాయ ఉండదు.

దీనికి కారణం పుస్తకాల్లో సూటిగానే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. అంటే నేలనుంచీ చెరువునుంచీ ఎక్కువ లాగేస్తుంది, కురిసినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. నాలుగు పదును వానల నీళ్ళు ఒకే రాత్రి పడితే మా వాలు నేల తాగలేదు. పైమట్టిని కూడా తీసుకుని వంకలో కలిసిపోతుంది. వాన పడిందని టీవీలో చెబుతారు, బోర్లో మాత్రం నీళ్ళు రావు.

జనం సంగతి ఇక్కడే దీనికి ముడిపడింది. పన్నెండు ఎకరాల రైతు ఒక చెక్క ఎండిపోయినా ఇంకో చెక్కలో కొర్రలు పండించుకుని బతికాడు. రెండెకరాలవాడికి ఆ వీలు లేదు. ఉన్నదాంట్లోంచే పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళు, ఆస్పత్రులు అన్నీ రావాలి. వానను నమ్మడం మానేసి బోరును నమ్మాడు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక మోటరు ఆపే కారణం కూడా పోయింది. ఎద్దులు అలిసిపోయేవి, మోటరు అలవదు. పెద్దన్న మూడొందల అడుగులు వేస్తే మా చిన్నాయన కొడుకు బోరు ఎండింది, వాడు ఐదొందలు వేస్తే పెద్దన్నది ఎండింది. కింద రాతిలో నీళ్ళుండే పగులు ఒకటే, పైన గట్లు మాత్రం ఐదు. బోరుకు అనుమతి తీసుకోవాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చేశారు. మా చేలో ఆ కాగితం ఉన్న బోరు ఒక్కటీ లేదు, దాచుకోవడమెందుకు.

చెట్ల సంగతి ఇంకా బాధ. గట్లు పెరిగితే గట్టుమీద చెట్లూ పెరగాలి కదా. రెండెకరాల్లో పెద్ద చింతచెట్టు నీడ పడితే రెండు మూడు సాళ్ళు పోతాయని నడిపన్న కొట్టించాడు. అట్లా నాలుగు పోయాయి. పశువులు మేసే బీళ్ళు కూడా దున్ని శనక్కాయ వేశారు. జిల్లాలో ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్ల పైన శనక్కాయే. పంట పీకాక నవంబరు నుంచి జూన్ దాకా ఆ నేలంతా గుండు కొట్టించుకున్నట్టు ఎండకు మాడుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి నది ఒడ్డున చేలలోకి ఇసుక దిబ్బలు కొట్టుకొస్తాయి. చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళి చూడండి, రాజస్థాన్ టికెట్ అక్కర్లేదు.

భూమిని వేడెక్కించింది మా ఊరని నేననను. నడిపన్న మోపెడ్ పొగ ఎంతని? కానీ వేడెక్కిన ఆకాశం కింద ఉన్న నీడను మేమే తీసేసుకున్నాం.

ఊరు వదిలినవాళ్ళలో సగంమంది నాలాగా అనంతపురం చేరారు. టౌన్లో అద్దెలు తక్కువున్న చోట ఇల్లు తీసుకున్నాం. అది వంక దారి అని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కరువు జిల్లాలో వంక ఎందుకు పారుతుంది? 2022 అక్టోబరులో నడిమివంక పొంగింది. రాత్రి రెండున్నరకు కాలు కింద పెడితే మోకాలి దాకా చల్లగా తగిలింది. టార్చి వేస్తే గ్యాస్ సిలిండర్ నెమ్మదిగా వంటింట్లోంచి హాల్లోకి తేలుతూ వస్తోంది. దిద్దాల్సిన నాలుగో తరగతి పేపర్లు బురదలో అతుక్కుపోయాయి. అందరికీ పాస్ మార్కులు వేశాను.

ఇప్పుడు జనాభా మాట తిరగబడింది. 2019–21 ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు. ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. మా ఇంట్లో చూసినా పెద్దన్నకు ఇద్దరు, మిగతా వాళ్ళకు ఒక్కొక్కరే. మరి బోర్లు తగ్గాయా? లేదు. పుట్టేవాళ్ళు తగ్గినా, మా జేజినాయన కాలంలో పుట్టినవాళ్ళ భాగాలు ఇంకా పంచుకుంటూనే ఉన్నాం. కొన్ని ఊళ్ళలో ఉన్న బోర్లన్నీ పైపులతో కలిపి, కొత్త బోరు ఎవరూ వెయ్యకూడదని ఒప్పందం చేసుకుని, అందరి పంటకూ తలా ఒక తడి ఇచ్చుకుంటున్నారు. మా వాళ్ళకు చెప్పి చూశాను. "ఎవరి మోటరు ముందు ఆపల్ల?" అన్నాడు పెద్దన్న. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

పెద్దన్న కొడుకు బెంగళూరులో ఉంటాడు, వైట్‌ఫీల్డ్ వైపు. చేను చేసేది లేదని ఇంటర్ నుంచే చెప్పేవాడు. 2024 మార్చిలో, అక్కడ నీళ్ళకు అల్లాడిన రోజుల్లో ఫోన్ చేశాడు.

"అత్తా, మా అపార్ట్‌మెంట్లో బోరు ఎండిపాయ. ట్యాంకర్ రెండు దినాలకొకసారి వస్తాంది. ఈ రాత్రికి కొత్త బోరు ఏస్తాండారు, ఆ సప్పుడుకి నిద్ర లేదు."

"ఎవరి బండిరా?" అన్నాను.

కిటికీ దగ్గరికి వెళ్ళి చూసినట్టున్నాడు, కాసేపు మాట లేదు. "తమిళనాడుదే అత్తా" అన్నాడు.