బయలుదేరకముందే చేరే విమానం

టోక్యోలో సాయంత్రం 5 గంటలకు ఎక్కి, అదే రోజు ఉదయం 11 గంటలకు లాస్ ఏంజెలెస్‌లో దిగుతుంది మా చెల్లి. టికెట్ మీద అలాగే ఉంది. ఇంతకీ గాలిలో ఎంతసేపు ఉంటుంది?

కాగితం తీసి రెండు సమయాలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా కొలమానంగా వాడే ఉమ్మడి సమయంలోకి మార్చాను. టోక్యో 9 గంటలు ముందు, కాబట్టి 8:00. లాస్ ఏంజెలెస్ ఈ వేసవిలో 7 గంటలు వెనక, అంటే 18:00. తీసివేస్తే 10 గంటలు. మనసు కుదుటపడింది.

చలికాలంలో లాస్ ఏంజెలెస్‌లో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, ఆ 7 కాస్తా 8 అవుతుంది. జపాన్‌లో మాత్రం ఏడాది పొడవునా గడియారాన్ని ఎవరూ కదపరు. ఆ ఒక్క గంట మరిచిపోతే లెక్కంతా తప్పినట్టే.

దిగగానే ఫోను చేస్తానంది. 18:00 కింద నా గడియారం సమయం కూడా రాసి, కాగితాన్ని దిండు పక్కన పెట్టుకున్నాను.