అవ్వ చెవి, అవ్వ బీపీ

ఎండాకాలం కదా, రాత్రిళ్లు మిద్దె మీదే పడుకుంటున్నాం. పొద్దున ఆరున్నరకు అవ్వ చాప మీద నుంచి లేచి రెండడుగులు వేసి, పిట్టగోడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "ఏమైందవ్వా?" అని పరిగెత్తితే "ఏం లేదులే నాయనా, లేస్తూనే కండ్లు చీకట్లయినాయి" అనింది. కింద నుంచి అమ్మ "వయసైంది కదా" అని తేల్చేసింది. మా ఇంట్లో మోకాళ్ల నొప్పి నుంచి మతిమరుపు దాకా అన్నిటికీ ఇదే జవాబు, నాకు ఒళ్లు మండుతుంది.

బీపీ మిషన్ తెచ్చి పడుకోబెట్టి చూస్తే 146/82, నిలబెట్టి నిమిషం తర్వాత చూస్తే 120/74. లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే పట్టించుకోవాలని ఎక్కడో చదివింది గుర్తుంది, ఇక్కడేమో 26. టెన్షన్ పడి, ఆటోలో సప్తగిరి సర్కిల్ దగ్గరి క్లినిక్‌కు తీసుకుపోయాను. డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే: "ఇల్లంతా గిర్రున తిరిగిందా, చీకట్లు కమ్మినాయా?" తిరిగితే చెవి లోపలి స్ఫటికాలు చోటు తప్పి ఉండొచ్చంట, చీకట్లయితే ముందు బీపీని అనుమానించాలంట. రాత్రి మాత్ర మార్చింది. వచ్చేటప్పుడు "అయితే బీపీకీ చెవికీ సంబంధం లేదన్నమాట" అంటే, "ఎందుకు లేదు, ఉంది" అని నవ్వి తరువాతి పేషెంటును పిలిచింది. మధ్యాహ్నం నిద్ర దానికే పోయింది.

మనం లేచి నిలబడగానే అర లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రక్తం కడుపులోకి, కాళ్లలోకి దిగుతుంది. మెడ దగ్గరి రక్తనాళంలో, గుండె పైన బృహద్ధమనిలో ఉండే నరాల కొసలు బీపీ తగ్గిందని కనిపెట్టి మెదడుకు చెబుతాయి, ఇంతవరకు నాకు తెలుసు. కానీ ఆలోచిస్తే, అవి కనిపెట్టాలంటే బీపీ ముందు తగ్గాలి కదా! చెవి అంతసేపు ఆగదు. లోపలి చెవిలో రెండు చిన్న సంచులు, వాటిలో జిగురు పొర, దాని మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు (మన తాడిపత్రి బండల్లో ఉండేదీ ముఖ్యంగా అదే పదార్థం, అవ్వ చెవిలో తాడిపత్రి ఉందన్నమాట). తల పైకి లేస్తుంటే ఆ స్ఫటికాలు జరిగి కింది సన్నటి వెంట్రుకల్ని వంచుతాయి, కబురు మెదడు కాండానికి చేరుతుంది, అక్కడి నుంచి కాళ్ల రక్తనాళాలు బిగుసుకోమని ఆజ్ఞ పోతుంది. బీపీ ఇంకా పూర్తిగా పడకముందే!

1974లో పిల్లుల మీద చేసిన ప్రయోగం చదివి కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. లోపలి చెవి నుంచి వచ్చే నరాలు కోసేసి, పిల్లిని తల పైకి వచ్చేలా వంచితే బీపీ మామూలు కంటే ఎక్కువ పడి, తేరుకోవడానికి ఆలస్యమైంది. తర్వాతి ప్రయోగాల్లో ఇట్లాంటి పిల్లులే కొన్ని రోజులకు చాలావరకు సర్దుకున్నాయి, మెదడు వేరే దారులు వెతుక్కుంటుంది కాబట్టి చెవి ఒక్కటే యజమాని అనుకోకూడదు. మనుషుల్లోనూ చూశారు: బోర్లా పడుకోబెట్టి తల మాత్రం కిందికి వంచితే కాళ్ల కండరాలకు పోయే సింపథెటిక్ నరాల్లో (రక్తనాళాల్ని బిగించేవి ఇవే) సందడి పెరిగింది. ముసలివాళ్లలో ఆ సందడి బాగా తగ్గిందంట. అంటే అమ్మ మాట సగం నిజమే, ఆమెకు మాత్రం నేను చెప్పను.

అవ్వకు చెబితే పకపకా నవ్వింది. "ఇరవై ఏండ్ల నుంచి సరిగా ఇనపడని చెవి, నా బీపీని ఏం చూసుకుంటాదిరా?" మంచి ప్రశ్నే. వినికిడి చూసుకునేదీ, ఒళ్లు తూలకుండా చూసుకునేదీ ఒకే ఎముకలో పక్కపక్క కాపురాలు, ఒకరిల్లు పాడైతే రెండోది పాడవ్వాలని లేదు అన్నాను. నమ్మినట్టు లేదు.

చాప తీసేసి నులకమంచం మిద్దెక్కించాను. లేచే ముందు అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి, డాక్టరమ్మ మాట. "రెండు నిమిషాలు ఊరికే కూచోని ఏం చేయల్ల?" అనింది అవ్వ. "చెనక్కాయలు ఒలుచుకో" అన్నాను తమాషాకు. ఇప్పుడు చూస్తే చేట, అందులో గుప్పెడు కాయలు, మంచం పక్కనే పెట్టుకుని పడుకుంది.